తులసి మాల పంచాయితీ

సోలాపూర్‌లో దేవుళ్ళకు కరువు లేదు. పొద్దున రొట్టె తిని ఎస్టీ బస్సెక్కితే ఎండ ముదరక ముందే తుల్జాపూర్ అమ్మవారి మెట్ల మీద ఉంటం. ఇటు తిరిగితే అక్కల్‌కోట్, అటు తిరిగితే పండరిపురం. ఊరి నడుమ సిద్ధేశ్వరుడు ఉండనే ఉన్నడు. మా పద్మశాలోళ్ళకు మార్కండేయుడైతే ఇంటిపేరు లెక్క పుట్టుకతోనే అంటుకోని వస్తడు, అడిగినా అడగకున్నా. ఇంతమంది నడుమ తిరుగుతూ ఒక మనిషికి దేవుడు దొరకలేదంటే తప్పు దేవుళ్ళది కాదు, మనిషి ఓపికది.

నా ఓపిక సంగతి ముందే చెప్త. యాభై దాటినయి. మీసం మొలవక ముందు నుంచి సాంచల నడుమనే బతికిన. సాంచలంటే కరెంటు మగ్గాలు. దాజీ పేట్‌లో మా సేటు కార్ఖానాలో తువాళ్ళు నేస్త. పొద్దున పోతే చీకటి పడ్డంక బయటికి వస్త. వచ్చినంక కూడా చెవుల్లో సాంచలు ఆగవు, అన్నం తింటున్నా కొడుతనే ఉంటయి. ఇంటికి వచ్చే వేళకు కాళ్ళు నూలు అయిపోయిన కండెల లెక్క ఉంటయి, ఉన్నయంటే ఉన్నయి. ఇగ సాధన, జపం, ధ్యానం అంటే నాకు పక్క మీద ఒరగడం తప్ప ఇంకోటి గుర్తు రాదు.

అయితే నోటికి మాత్రం అలుపు లేదు. మా నీలం నగర్ గల్లీలో నన్ను కతలోడు అంటరు. ఉన్నది ఉన్నట్టు చెప్తే నాకే బోరు. ఒకసారి సాంచ బంద్ చేయడం మరిచి ఇంటికి పోయిన అని, అది రాత్రంత తనే నేసిందని, తెల్లారి వచ్చి చూస్తే షెడ్డు తలుపు తెరుచుకోలేదని, లోపల కప్పు దాకా తువాళ్ళే ఉన్నయని, కిటికీలోంచి ఒక కొస పట్టుకోని గుంజితే అశోక్ చౌక్ దాకా వచ్చిందని చెప్పిన. ట్రాఫిక్ ఆగిందని కూడా చెప్పిన. నమ్మినోళ్ళు లేరు, లేచిపోయినోళ్ళూ లేరు. నాకు అది చాలు.

మా ఆవిడకు మాత్రం చాలలేదు.

ఆమె బీడీలు చేస్తది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. గడప దగ్గర గోడకు ఒరిగి, ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెలో చుట్టిన ఆకు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయినంక ఇంట్లో మేమిద్దరమే. ఒకరోజు సాయంత్రం నేను వచ్చి కాళ్ళు చాపుకోని కూర్చుంటే, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండ అన్నది.

"ఏమయ్యా, నేను మాల ఏసుకుందామనుకుంటున్న."

ఏ మాల అని అడిగే పని లేదు. మా గల్లీ చివర ఒక ఇంట్లో ఏకాదశి ఏకాదశికి ఆడవాళ్ళ భజన ఉంటది. ఈమె పోతూ ఉంటది. పండరిపురం విఠోబా పేరు మీద తులసి మాల వేసుకోవడం అంటే మెడకు పూసలు కట్టుకోవడం ఒకటే కాదు. మాంసం బంద్. ఏడాదికి ఒక్కసారన్న విఠోబా దగ్గరికి పోవాలె. మెడలో పడ్డ మాల మళ్ళ తీయరాదు, తెగితే మళ్ళ గుచ్చి వేసుకునేదాక అన్నం ముట్టరాదు. ఆ మాల ఉన్న ఇంట్లో పొయ్యి మీద ఆదివారం మటన్ ఉడకది.

నేను వెంటనే ఆదివారం గురించే ఆలోచించిన. దాచేదేముంది.

"నువ్వేమంటవ్?" అన్నది.

"దాజీ పేట్‌ల ఒకాయన ఉండె," అన్న నేను. "వాళ్ళావిడ మాల ఏసుకున్నది. ఆ ముచ్చట ఊర్ల మేకలకు తెలిసింది. ఈ ఇంట్ల మనకు భయం లేదని అన్ని మేకలు వాళ్ళ గడప ముందట వచ్చి నిలబడ్డయ్. ఇడిసి పోవు. పాపం ఆయన బతుకంత వాటికి ఆకు తెచ్చుడుకే అయింది. ఒకరోజు ఆవిడ బీడీ ఆకు మొత్తం తిన్నయ్. అప్పటిసంది ఆ మేకలు తుమ్ముతె పొగ వస్తది."

ఆమె నవ్వింది. కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకోని, "అయిపోయిందా? ఇప్పుడు చెప్పు, నువ్వేమంటవ్?" అన్నది.

"చూద్దాం తీ," అన్న.

ఆ చూద్దాం ఏడాది నడిచింది. ఆమె అడుగుడు, నేను ఇంకో కత చెప్పుడు. చెప్పకుండ మాల వేసుకున్న ఆడవాళ్ళు మా గల్లీలోనే ఉన్నరు. ఆమెకు అది నచ్చదు. "మనసుల కిరికిరి పెట్టుకోని ఒక కంచం కాడ కూసుంటె రోజూ పంచాయితే. నువ్వు వద్దంటె వద్దను, కొట్లాడుత. సరే అంటె సరే అను, పోత. నడుమల ఉంచకు," అనేది. నేను నడుమనే ఉంచిన. కాదనడానికి మొఖం చెల్లలేదు, సరే అనడానికి నాలుక చెల్లలేదు.

చివరికి నాకు ఒక ఉపాయం తట్టింది. "నువ్వు ఒక్కదానివే పుణ్యం మూటగట్టుకుంటె నేనెట్ల? నేను కూడా ఏదన్న ఒక సాధన ఎంచుకుంట. నాకు దొరికినంక ఇద్దరం ఒక్కసారే మొదలు పెడుదాం," అన్న.

ఆమె ఆకు పక్కన పెట్టింది. "ఎంచుకో. ఫుకట్ టైంపాస్ చేస్తున్నవని నాకు ఎరుకనే. అయినా ఎంచుకో," అన్నది.

అట్ల మొదలైంది నా వెతుకులాట. గురువారం అక్కల్‌కోట్ పోయిన. దర్శనం వరసలో నిలబడే నిద్రపోయిన, వెనకాయన భుజం తట్టితే లేచి ముందట ఉన్నాయన కాళ్ళకు మొక్కిన. ఆయన దీవించిండు కూడా. అయ్యప్ప మాల వేసుకుందామనుకున్న, కార్ఖానాలో ఆయిలు కారిన బండల మీద వట్టి కాళ్ళతో రోజంతా తిరగడం తలుచుకుంటేనే మోకాళ్ళు వద్దన్నయి. పొద్దున్నే లేచి జపం చేద్దామంటే లేవడమే ఒక తపస్సు, ఆ తపస్సు అయ్యేసరికి జపానికి బలం ఉండది. ఫోన్లో ఒకాయన ధ్యానం నేర్పుతడు, శ్వాస మీద మనసు పెట్టుమంటడు. పెట్టిన. లోపల దూది దుమ్ము గురగుర తప్ప ఏం వినబడలేదు.

మా కార్ఖానాలో నా పక్క సాంచలు చూసేటాయన నన్ను బావా అంటడు. వరుసకు కాదు, అలవాటుకు. ఆయనే చెప్పిండు.

"బావా, నీకు సరిపోయేది ఒకటున్నది. మౌనం. సోమవారం సోమవారం శివుని పేరు మీద నోరు మూసుకో. పైసా ఖర్చు లేదు, నడిచేది లేదు, ఉపాసం లేదు. పండుకోని కూడా చేయొచ్చు."

పండుకోని కూడా చేయొచ్చు అన్న మాట దగ్గర నా మనసు నిలిచింది. పైగా సోమవారాలు ఆమె అడిగినా నేను జవాబు చెప్పే పని ఉండది. ఇంత లాభం ఉన్న సాధన ఇంకోటి నాకు కనబడలేదు. ఇంటికి పోయి చెప్పిన. ఆమె చాటలోంచి ఒక బీడీ తీసి, కొన మడిచి, "శివుడు బతికిండు," అన్నది.

మొదటి సోమవారం నేను గొప్పగా మొదలుపెట్టిన. పొద్దున ఆమె టీ ఇస్తే చేత్తో దండం పెట్టిన. గల్లీలో ఎవరో పలకరిస్తే వేలు పెదాల మీద పెట్టి ఆకాశం వైపు చూపించిన. కార్ఖానాకు పోయిన.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. సాంచలు నడుస్తున్న షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినబడది. అరిచినా లాభం లేదు. అందుకే మాలో ఎవరం గొంతు వాడం. పెదాలు కదిలిస్తం, వేళ్ళు కదిలిస్తం, అవతలోడు చూసి అర్థం చేసుకుంటడు. పడుగు తెగిందని, కండె అయిపోయిందని, సేటు వస్తున్నడని, నిన్న ఎవరింట్లో ఏం గొడవైందని, అన్నీ గొంతు లేకుండనే నడుస్తయి. చిన్నప్పటి నుంచి అలవాటై, అది మాట్లాడడం అన్న సంగతే మాకు గుర్తుండది. ఊపిరి తీసినట్టే.

నేను ఆ రోజు పొద్దంతా మౌనంగ ఉన్న అనే అనుకున్న. గొంతులోంచి ఒక్క చప్పుడు రాలేదు. మనసు ఎంత తేలిగ్గ ఉన్నదో పక్క సాంచలాయనకు చెప్తున్న కూడా. మౌనం వల్ల నాకు కలిగిన అనుభవాలు, నా సాంచ మీద తువాల్లో శివలింగం తనంత తానే పడడం, సేటు దాన్ని చూసి మొక్కి నాకు రెండు రోజుల సెలవు ఇవ్వడం, అంతా పెదాలతోనే చెప్తున్న. ఆయన కండె మార్చడం మరిచి చూస్తున్నడు.

అప్పుడే ఆమె అన్నం డబ్బా పట్టుకోని షెడ్డు తలుపు దగ్గరికి వచ్చింది. పొద్దున నేను డబ్బా మరిచిపోయిన. ఫోన్ చేసి చెప్పుదామంటే మౌనం కదా.

ఆమె పుట్టింది సాంచల ఇంట్లోనే. వాళ్ళ నాయిన కూడా నా లెక్కనే పెదాలతో మాట్లాడిన మనిషి. తలుపు దగ్గర నిలబడి నా కత మొత్తం చదివింది. నేను చూసేసరికి శివలింగం పడ్డది, సెలవు కూడా దొరికింది. అప్పుడు ఆమె డబ్బా తలుపు పక్కన పెట్టి, నా మొఖం చూసి, గొంతు లేకుండ పెదాలు కదిలించింది.

"శివుడు సాంచల నడుమ పెరగలేదనుకున్నవా?"

పక్క సాంచలాయన కింద కూర్చోని నవ్విండు. ఆయన పడుగు తెగింది కూడా, చూసుకోలేదు.

సాయంత్రం ఇంటికి పోయినంక నేను మొఖం పక్కకు పెట్టుకోని కూర్చున్న. ఆమె రొట్టె పెట్టింది, పల్లీల శేంగ చట్నీ పెట్టింది. "గొంతు బంద్ జేసినవ్, మూతి బంద్ జేయలే," అన్నది. నీళ్ళ చెంబు నా ముందట పెట్టి, "మౌనం అర్ధాంగీకారం అంటరు కదా. నువ్వు గిట్ల సోమవారం సోమవారం కూసుంటె నేను దాన్నే సరే అనుకోని పోవచ్చు. కని నాకు సగం వద్దు," అన్నది. కోపంగ అనలేదు. అలిసిపోయిన గొంతుతో అన్నది. కోపంగ అంటే నాకు ఒక కత తట్టేది.

తర్వాత కొన్ని సోమవారాలు పెదాలు కూడా బిగబట్టుకోని చేసిన. కష్టమే. పక్క సాంచలాయన కావాలని నా ముందుకు వచ్చి సేటు గురించి తప్పుడు కతలు చెప్పేటోడు, అవి నాకంటే పేలవంగ చెప్పేటోడు, సరిదిద్దకుండ ఉండలేక నేను గోడ వైపు తిరిగి పనిచేసేటోణ్ణి.

ఒక సోమవారం నూలు రాక కార్ఖానా బంద్ ఉండె. ఇంట్లోనే ఉన్న. ఆ రోజు నాకు ఒళ్ళంతా నొప్పులు, మౌన వ్రతం అని కాదు, నోరు తెరిచే ఓపిక నిజంగనే లేదు. గోడకు ఒరిగి కాళ్ళు చాపుకోని కూర్చున్న. ఎదురుగ ఆమె, ఒళ్ళో చాట. ఫ్యాన్ తిరుగుతున్నది. బయట ఎవరో పాత సామాన్లు కొంటమని అరుస్తూ పోయిండు. ఎప్పుడైనా ఇట్ల కూర్చుంటే నేను ఏదో ఒకటి మొదలుపెడుత. ఆ రోజు పెట్టలేదు. చానాసేపటికి ఆమె మొదలుపెట్టింది. నాతోనా, చాటతోనా తెలియనట్టు.

"నీకు మటన్ పోతదనే బాధ. నాకు ఎరుక. నాది మటన్ బాధ కాదు."

ఒక బీడీ చుట్టింది, దారం కట్టింది, పడేసింది.

"భజన కాడ నేను యాడ కూసుంటనో ఎరుకనా? తలుపు కాడ. మొదలు నడుమల కూసుండేదాన్ని. ఒకామె రోజూ కొంగు ముక్కుకు పెట్టుకునేది. ఏమనలే, మంచిదే. కొంగు ఒక్కటే పెట్టుకునేది. నేనే జరుగుకుంట జరుగుకుంట తలుపు కాడికి వచ్చిన. స్నానం చేసి పోత నేను. అయినా వాసన పోదు. వేళ్ళల్ల ఉన్నది అది, పైన లేదు."

నేను ఆమె వేళ్ళ వైపు చూసిన. చూపుడు వేలు కొన తంబాకు రంగుకు తిరిగి ఎన్నేళ్ళయిందో. నేను రోజూ చూసేవే అవి.

"జపమాల పట్టుకుంటెనా, పూస జరుపాలె కదా. నా వేళ్ళు పూస జరుపవు. చుట్టుతయ్. బీడీ చుట్టినట్టే చుట్టుతయ్. విఠలా అంటున్న, చేతుల బీడీ చేస్తున్న. నవ్వొస్తది నాకే. నవ్వొచ్చినంక భయమైతది. గిసోంటి చేతులోల్లకు మాల ఇస్తరా? తాగద్దనేటోళ్ళు, చేసేదానికి ఎట్ల ఇస్తరు? ఆడికి పోయినంక అందరి ముందట కాదంటె? నాకు గది బాధ. ఏడాది సంది నిన్ను అడుగుతున్నది గదే. నువ్వు మేకల కతలు చెప్తవ్."

మళ్ళ ఆకు తీసుకున్నది. కొంచెం తంబాకు పోసింది.

"ఇంట్ల ఉన్న దేవుళ్ళు అందరు మీ అమ్మ తెచ్చుకున్నోళ్ళు. తప్పు అంటలే. తుడిచిన, బొట్లు పెట్టిన, నైవేద్యం పెట్టిన, ఒక్కరోజు తప్పలే. మొగుణ్ణి మా నాయిన ఎంచిండు. పని మా అమ్మ ఎంచింది. గీ ఒక్కడు నేను ఎంచుకున్నోడు. వీన్ని కూడ పోగొట్టుకుంటనేమో అని."

అంతే అన్నది. ఏడవలేదు. ఇంకో ఆకు కోసం గోనె విప్పింది. నాకు ఆ రోజు వ్రతం ఉన్నందుకు సంతోషపడ్డనో బాధపడ్డనో ఇప్పటికీ చెప్పలేను. నోరు తెరిచి ఉంటే ఏదో ఒకటి అని ఉండేవాణ్ణి, నవ్విచ్చి ఉండేవాణ్ణి కూడా. ఆ నవ్వుతో ఆ ముచ్చట అక్కడే ముగిసి ఉండేది, అంతకుముందు ఏడాదంత ముగిసినట్టే.

మర్నాడు కార్ఖానాకు పోతూ చెప్పులు వేసుకుంటూ అన్న. "ఆదివారం పోదాం పండరిపురం. ఏకాదశి గుంపు తగ్గింది కదా."

ఆమె నమ్మలేదు. "ఇంకేం లేదా? కత?"

"లేదు."

"పెయ్యి కాలుతున్నదా?" అని నుదురు ముట్టి చూసింది.

బస్సులో సీటు ఒక్కటే దొరికింది, ఆమె కూర్చున్నది. నేను కడ్డీ పట్టుకోని నిలబడి, వంగి మెల్లగ చెప్పిన. "ఆడ ఏం పని చేస్తవని అడిగితె, బ్లౌజులు కుడుతది అని నేను చెప్త. నువ్వు గమ్మున ఉండు. కుట్టుమిషన్ ఏ కంపెనీదో కూడ ఆలోచించి పెట్టిన."

"విఠోబా ముందట కూడ నీ కతలేనా?"

"కత కాదే. చిన్నది."

"నాకు బ్లౌజులు కుట్టే ఆమె మాల వద్దు. ఆమె ఎవరో నాకు ఎరుక లేదు," అని కిటికీ వైపు తిరిగింది.

దర్శనం అయినంక చంద్రభాగ ఒడ్డుకు దగ్గర ఒక చిన్న మఠానికి పోయినం. భజన ఆడవాళ్ళు చెప్పి పంపిన చోటు. లోపల మాలలు వేసే ముసలి స్వామి, మహారాజ్ అంటరు. కీర్తనలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది, పక్కన సగం తాగిన చాయ్ గ్లాసు, చాయ్ మీద మీగడ కట్టింది. మా కంటే ముందు కొంతమంది ఉన్నరు. ఆయన ఒక్కొక్కరినీ అడిగేవి అవే మాటలు, మరాఠీలో, తల ఎత్తకుండ. మాంసం మానినవా? మందు, పొగాకు లేవు కదా? ఏడాదికోసారి వస్తవా? ఔనంటే మాల వేసుడు, తల మీద చెయ్యి పెట్టుడు, తర్వాతి మనిషి.

ఆమె వంతు వచ్చింది. మాంసం మానిన అన్నది. అప్పటికి చానా నెలలుగ మానింది, నాకు వండిపెడుతూనే. వస్త అన్నది. పొగాకు దగ్గర ఆగింది. వెనక నిలబడ్డ నా నాలుక మీద కుట్టుమిషన్ కంపెనీ పేరు వచ్చి కూర్చున్నది. మింగిన. గొంతులో గరగర అన్నది.

"మహారాజ్, నేను తాగ. కని బీడీలు చేస్త. పొద్దంత అదే పని," అన్నది ఆమె, మరాఠీలో. గొంతు వణికింది.

ముసలాయన అప్పుడు తల ఎత్తిండు. చాయ్ వైపు చూసిండు, తాగుదామా వద్దా అన్నట్టు. "తాగేవాళ్ళకు నేను మాల ఇయ్యను. చేసేవాళ్ళకు ఇయ్యొద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నేను విన్నట్టు లేదు. మెడ వంచు," అన్నడు.

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంత మంచి జవాబు నేను కూడా అల్లలేను. కానీ ఆమె మెడ వంచలేదు.

"థాంబా మహారాజ్," అన్నది. ఆగండి అని. లేచింది. వరసలోంచి బయటికి నడిచింది. ముసలాయన ఏమనుకోలేదు, ఆమె వెనకున్న మనిషిని పిలిచిండు.

నేను వెంట ఉరికిన. ఆమె మఠం బయట మెట్టు మీద కూర్చున్నది. "ఏమైందే? ఇస్తున్నడు కదా," అన్న.

"గంత అల్కగనా?" అన్నది. "ఏడాది సంది నేను నిద్ర పోలే. ఆయన చాయ్ దిక్కు చూసుకుంట చెప్పిండు. నీ కతల లెక్కనే ఉన్నది ఆయన జవాబు. వింటానికి మంచిగున్నది. లోపటికి పోలే."

నేనూ ఆమె పక్కన కూర్చున్న. ఎండ. మెట్టు కాలుతున్నది, అయినా లేచే ఓపిక ఇద్దరికీ లేదు. ఎదురుగ గాజుల కొట్టాయన మమ్మల్ని గిరాకీ అనుకోని ఒకసారి పిలిచి, మొఖాలు చూసి ఊకున్నడు.

"నువ్వేమంటవ్?" అన్నది ఆమె. ఎన్నోసారో. "ఇప్పుడు చెప్పు. భజన ఆడోల్లు లేరు, మేకలు లేవు."

నాకు ఏం కత తట్టలేదు. వెతికిన కూడా, లేదు. ఉన్నదే చెప్పిన.

"నాకు మటన్ ఇడువబుద్ధి కాదు. ఇడువ. పొద్దంత నిలబడి వచ్చినంక వారానికి గదొక్కటే నాకు ఇష్టంగ తినేది. నీ ఎంట ప్రతి ఏడూ ఈడికి వచ్చే కాళ్ళు లేవు. దేవుడు ఉన్నడో లేడో ఆలోచించే ఓపిక కూడ లేదు. నీ చేతులకు మాల సరిపోతదా అంటె నాకు తెల్వదు. ఎవర్ని అడగాల్నో కూడ తెల్వదు. కని నువ్వు ఏసుకో. నీ పొయ్యి మీద నాకు వండకు. నేను ఒప్పుకుంటున్న. మొత్తం."

ఆమె మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకోని విన్నది. "గిది చెప్పనీకె ఏడాది పట్టింది నీకు," అన్నది.

"అలిసిపోయి ఉంటి."

"నేను కాలేదా?"

ఎండకు కొంగు తల మీదికి గుంజుకున్నది.

"మటన్ యాడ తింటవ్?"

"యాడనో బయట."

"తిను. మానిన అని అబద్ధం మాత్రం చెప్పకు. వాసన నాకు తెలుస్తది." కొంగు దులుపుకోని లేచింది. "తంబాకు సంగతి ఆయన తీర్చేది కాదు, నువ్వు తీర్చేది కాదు. ఏసుకోని కూసుంట చాట ముందట. ఉండగలిగితె ఉంట. లేకుంటె బీడీ ఇడుస్త, మాల తియ్య. ఇల్లెట్ల నడుస్తదో అప్పుడు చూద్దాం. దా."

మళ్ళ లోపలికి పోయినం. ముసలాయన భోజనానికి లేచి పోయిండు. గోడ పక్కన చాప మీద కూర్చోమన్నరు. ఎంతసేపని అడిగితే, తిన్నంక కొంచెం ఒరుగుతరు అన్నరు. ఆ ఒక్క విషయంలో నాకు ఆ మహానుభావుని మీద నిజమైన భక్తి కలిగింది. నేను కూడా అక్కడే గోడకు ఒరిగి కునికిన. లేచేసరికి ఆమె నిటారుగ కూర్చోని ఉన్నది.

ఆయన వచ్చి కూర్చున్నడు. ఆమెను గుర్తుపట్టలేదు. మళ్ళ మొదటి నుంచి అడిగిండు. మాంసం? ఏడాదికోసారి వస్తవా? పొగాకు? ఆమె మళ్ళ అంతా చెప్పింది, ఈసారి గొంతు వణకలేదు. బీడీలు చేస్తనని చెప్పినప్పుడు ఆయన "ఊ" అన్నడు, అంతే. ఆమె మెడ వంచింది. నేను చూస్తుండగనే పడ్డది మాల.

ఇదంతా అయి చాలా రోజులయింది. మాల ఆమె మెడలోనే ఉన్నది, చాట ఆమె ఒళ్ళోనే ఉన్నది. రెండూ ఒకదానికొకటి అలవాటు పడ్డయని చెప్తే అది కత అవుతది. కొన్ని రోజులు ఆమె బీడీ చుట్టుతూ మధ్యలో ఆగిపోతది, పూసల మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడుస్తది, మళ్ళ మొదలుపెడుతది. కొన్ని రోజులు తుడవది. భజనకు పోతే నడుమనే కూర్చుంటున్నదట. "ఆమెకు వాసన వస్తె ఆమె జరుగుతది," అన్నది ఒకసారి, నేను అడగకుండనే. వేళ్ళు ఇప్పటికీ పూసను చుట్టుతనే ఉన్నయట.

నేను సోమవారం మౌనం ఇడువలేదు. పుణ్యం కోసం అని ఎవరైనా అడిగితే ఔనంట. నిజానికి ఆ రోజు ఇంట్లో ఆమె మాట్లాడుతది. చిన్నప్పటి సంగతులు, నాకు తెలియని మనుషులు, నాకు తెలిసిన మనుషుల గురించి నాకు తెలియనివి. కొన్నిటికి నేను కత అల్లుదునే అనిపిస్తది, మంగళవారం దాకా ఆగుదామంటే మంగళవారానికి ఆ ఊపు ఉండది. వయసు మీద పడ్డది.

ఆదివారాలు పక్క సాంచలాయన ఇంట్లో, వాళ్ళావిడ వండిన మటన్ తింటున్న. వాళ్ళు రమ్మంటరు, నేను కాదన. మొన్న తిని వచ్చేసరికి ఆమె గడప దగ్గర ఆకు కత్తిరిస్తున్నది. నేను చెప్పులు ఇడుస్తుంటే తల ఎత్తకుండ అడిగింది.

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"అబద్ధం."

"కొంచెం నీళ్ళ నీళ్ళ ఉన్నది," అన్న.

"ఆమెకు ఉల్లిగడ్డ ఎర్రగ వేయించే ఓపిక లేదు, మొదటి సంది గంతే. ముందుగాల ఉల్లిగడ్డ వేయించి, ముక్క నీళ్ళు వాటంత అవే ఇంకేదాక మూత తియ్యొద్దని చెప్పు. ఎండుకొబ్బరి కాల్చి నూరుమను." కత్తెర ఆగింది. "నేను చెప్పిన అని మాత్రం చెప్పకు."